నా పేరు చెప్పిన స్టాండు మావ

మా ఊరి రైల్వే స్టేషను ముందు సైకిల్ స్టాండు నడిపిన మావ పోయిన నెల చనిపోయాడు. కబురు నాకు రైల్లో తెలిసింది. ఆ పొద్దున్న ఆయన చేతికే బండి ఇచ్చి పాసింజరు ఎక్కాను. విజయనగరం ఇంకా రాకముందే పెట్టెలో ఒకరి ఫోను మోగింది. తరువాత ఇంకొకరిది. ఆ తరువాత నాది. మా బావ చేశాడు.

"ఒరే, స్టాండు మావ పోనాడు."

బండ్లన్నీ సర్ది, మూడో వరస చివర గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడట. పక్కనే పంక్చర్ల కొట్టు ఉన్న సాయిబు రెండు టీలు పట్టుకుని వచ్చేసరికి బీడీ నేల మీద కాలుతోంది, మనిషి పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు.

పెట్టెలో ఒకతను, "మరి మన బండ్లు?" అన్నాడు. అతన్ని ఎవరూ కసురుకోలేదు. మాలో చాలామందికి ఆ మనిషితో ఉన్న సంబంధం అదే.

ఆయన గురించి రాయడానికి నాకన్నా తగినవాళ్ళు ఉన్నారు. ఆయన చెప్పిన సాక్ష్యం వల్ల నేను పదకొండు రోజులు సబ్‌జైల్లో ఉన్నాను, ఉద్యోగం పోగొట్టుకున్నాను. రాయాల్సింది నేనే అనిపించడానికి కారణం కూడా అదే.

మా ఊరి పేరు రాయడం లేదు. గజపతినగరానికీ బొబ్బిలికీ మధ్య అనుకోండి. మా చిన్నప్పుడు అది వరి, నువ్వులు, గోగు పండించే ఊరు, వారానికో సంత. ఇప్పుడు రాత్రి పడుకోవడానికి మాత్రమే పనికొచ్చే ఊరు. విశాఖలో అద్దెలు కట్టలేనివాళ్ళూ, ఇక్కడి పొలం వదలలేనివాళ్ళూ అంతా ఇక్కడే ఉండి పొద్దున్నే పాసింజరు ఎక్కుతారు. బట్టల కొట్ల సేల్సుమన్లు, ఆస్పత్రి నర్సులు, కోర్టు గుమస్తాలు, పోర్టు వైపు కూలీలు. గరివిడి ఫ్యాక్టరీ షిఫ్టులకి పోయేవాళ్ళు బస్సెక్కుతారు. పిండిమిల్లు వెనక గదుల్లో రాయగడ వైపు నుంచి వచ్చిన ఒడియా పనివాళ్ళు నలుగురేసి ఉంటారు. మెయిన్ రోడ్డులో మిఠాయి కొట్టు రాజస్థాన్ వాళ్ళది. చర్చి వీధి ఉంది, సాయిబుల వీధి ఉంది. నాలుగు భాషల వాళ్ళం ఒకే రైలు దిగి, ఎవరి వీధికి వాళ్ళు పోయి తలుపులేసుకుంటాం. ఒకరి పేరు ఒకరికి తెలియదు.

మేమంతా కలిసేది రెండే చోట్ల. ఒకటి రైలు పెట్టె. రెండోది మావ స్టాండు.

పెట్టెలో ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్పాలి. రైలు మా స్టేషనుకి వచ్చేసరికే సగం నిండి ఉంటుంది. ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవాలి. తువ్వాలు పడ్డ సీటు విసిరినవాడిది. అది మా చట్టం. ఆ చట్టం తెలియక ఒకసారి కొత్తవాడెవడో తువ్వాలు పక్కకి జరిపి కూర్చుంటే, స్టీలు టిఫిను డబ్బాతో మొహం మీద కొట్టారు. రెండు పళ్ళు ఊడి ఉప్మాలో పడ్డాయి. కొట్టినవాడు డబ్బా కడుక్కుని విజయనగరంలో దిగి ఆఫీసుకి పోయాడు. అతను మంచివాడే. ఇంట్లో పిల్లల మీద చెయ్యెత్తడు.

సాయంత్రాలు ఇంకా చెడ్డవి. రోజంతా ఒకరి చేత మాటలు పడి, రెండు గంటలు నిలబడి వచ్చినవాళ్ళు దిగుతారు. బండి తీస్తుంటే హ్యాండిలు హ్యాండిలుకి తగిలితే చాలు, కాలర్లు పట్టుకుంటారు. మావ దీనికి ఒక బకెట్టు నీళ్ళు పెట్టుకునేవాడు. కుక్కలు కరుచుకుంటుంటే పోసినట్టు ఇద్దరి మీదా కుమ్మరించేవాడు. "పొద్దున్న ఎక్కినోడు ఒకడు, సాయంత్రం దిగినోడు ఇంకొకడు. ఈ రెండోవోడికి నాను బండి ఇవ్వను. మొదటోడు వస్తే ఇస్తాను" అనేవాడు. తడిసిన మనిషి గట్టు మీద కూర్చుని చల్లబడేదాకా బండి ఇచ్చేవాడు కాదు.

ఆయన సాధువు కాదు. ఒళ్ళంతా కోపమే. ఒకసారి నర్సుల స్కూటీల దగ్గర నిలబడి పాట పాడిన కాలేజీ కుర్రాణ్ణి గాలి పంపుతో నడుం మీద కొడితే వాడు మూడు రోజులు వంగి నడిచాడు. వాడి తండ్రి దెబ్బలాడడానికి వస్తే, "నీకూ కావాలా?" అని పంపు పైకెత్తాడు. అప్పటినుంచీ నర్సుల బండ్లు తన బల్ల పక్కనే పెట్టించుకునేవాడు.

స్టాండులో ఆయన పద్ధతి ఇది. నెలవారీగా బండి పెట్టుకునేవాళ్ళకి తలా ఒక నంబరు. రేకు బిళ్ళలు రెండు, ఒకటి హ్యాండిలుకి తీగతో కట్టి ఉంటుంది, రెండోది మన జేబులో ఉంటుంది. సాయంత్రం గేటు దగ్గర రెండూ కలిపి చూసి పంపేవాడు. మనుషుల్ని కూడా ఆ నంబర్లతోనే పిలిచేవాడు. "ఏటి ముప్పయ్యారూ, జొరం తగ్గినాదా?" "ఓలమ్మ డెబ్బయ్యొకటీ, సెయిను సూడు, ఊడిపోతన్నాది." ఊరికి కొత్తగా వచ్చిన ఒడియావాడైనా, మూడు తరాల రైతు కొడుకైనా ఒకటే పిలుపు. పేరుతో పిలిచింది నాకు తెలిసి నన్నొక్కణ్ణే. మా నాన్నకి స్నేహితుడు. నాకు సైకిలు నేర్పింది ఆయనే. నేర్పుతూ ఎన్నిసార్లు మొట్టాడో లెక్కలేదు.

ఇక ఆ సంగతి.

ఆరేళ్ళ కిందట వానాకాలం. నేనప్పుడు విశాఖలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. ఆ నెలలో ఊళ్ళో మూడు మోటారు సైకిళ్ళు పోయాయి. బయటివాళ్ళ పనే అని టీ కొట్ల దగ్గరా ఫోన్లలోనూ ఒకటే మాట. ఒక సాయంత్రం రైలు దిగేసరికి వాన, కరెంటు లేదు. స్టాండులో ఎవరో ఇద్దరు తాగి కొట్టుకుంటున్నారు, మావ బకెట్టుతో వాళ్ళ మధ్య ఉన్నాడు. గేటు దగ్గర బిళ్ళ చూసేవాళ్ళు లేరు. జనం ఎవరి బండి వాళ్ళు లాక్కుని పోతున్నారు. నా బండి లేదు.

కాసేపటికి మావ టార్చి పట్టుకుని వచ్చి వరసంతా చూశాడు. మిగిలిపోయిన ఒక నల్ల బండి చూపించాడు. అచ్చం నా బండిలాగే ఉంది.

"ఇది వెల్డరుది. ఆడు నీది పట్టుకుపోనాడు. తాళాలు అరిగిపోనాయి రా, ఏ తాళానికి ఏ బండైనా వస్తాది. పొద్దున్నే తెస్తాడు, నువ్వు ఇంటికెల్లు."

వెల్డరు అంటే పిండిమిల్లు వెనక ఉండే ఒడియా మనిషి. పోర్టు వైపు పనికి మాతోనే వచ్చేవాడు. పాతికేళ్ళుంటాయి. నేను అతన్ని రోజూ చూసేవాణ్ణి.

కాబట్టి నాకు తెలుసు. ఇది ముందే రాసెయ్యాలి. బండి మారిందని, ఎవరు తీసుకెళ్ళారో కూడా, నాకు ముందురోజే తెలుసు.

వానలో నడిచి ఇంటికి పోయాను. పొద్దున్న, సాయంత్రం తిరిగి బండి మీదే రావచ్చని హెల్మెట్ పట్టుకుని, నడిచి స్టేషనుకి వచ్చి టీ కొట్టు దగ్గర "నా బండి పోయింది" అని చెప్పాను. మారిందని చెప్పలేదు, పోయిందన్నాను. పోయిందంటే నలుగురూ చుట్టూ చేరతారు, అయ్యో అంటారు. ఆ పొద్దున్న నాకది కావలసి వచ్చింది. రైలుకి ఇంకా పావుగంట ఉంది. నలభై, యాభై మంది ఉంటారు. అప్పుడు వెల్డరు నా బండి మీద స్టాండులోకి వచ్చాడు.

"అల్లదిగో బండి! ఆడే!" అని ఎవరో అరిచారు.

నేను పరిగెత్తి కాలరు పట్టి కిందకి లాగాను. బండి అతని మీద పడింది. అతను కింద పడే రెండు చేతులూ ఎత్తి, "భుల్ హెలా భాయి, భుల్ హెలా" అన్నాడు. పొరపాటైందని. మా అమ్మమ్మగారిది పార్వతీపురం అవతల సరిహద్దు ఊరు. ఆ మాట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నా చేతిలో హెల్మెట్ ఉంది. దానితో మొహం మీద కొట్టాను. ముక్కు పగిలిన చప్పుడు చిన్నదే, ఎండు పుల్ల విరిచినట్టు.

ఆ తరువాత నేను కొట్టక్కర్లేకపోయింది. నా భుజాల మీద నుంచి చేతులు వచ్చాయి, కాళ్ళు వచ్చాయి. బూట్లు వేసుకున్నవాళ్ళు బూట్లతో తన్నారు. ఒకడు స్టాండు గేటుకి అడ్డంగా వేసే ఇనపరాడ్డు తెచ్చాడు. ఇంకెవరో బండి ముందు చక్రం పైకెత్తి అతని మోకాలి మీద వదిలారు, రెండుసార్లు. రెండోసారి కాలు పక్కకి తిరిగిపోయింది. అతను అరవడం మానేశాడు. అరుపు ఆగితే మనుషులు ఆగుతారనుకుంటాం. ఆగలేదు.

మావ బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. ఎవరూ వెనక్కి తగ్గలేదు. పంపు తిప్పాడు, ఇద్దరికి తలలు పగిలాయి. "సచ్చిపోతాడ్రా! బండి మారిందిరా నాయనా, దొంగ కాడు!" అని అరుస్తున్నాడు. అప్పటికి అరవయ్యేళ్ళ మనిషి. చివరికి పంపు పారేసి అతని మీద బోర్లా పడుకున్నాడు. రాడ్డు దెబ్బ ఒకటి ఆయన ఎడమ మణికట్టు మీద పడింది.

రైలు కూత వేసింది.

ఇది నేను చాలాసార్లు తలుచుకున్నాను. మమ్మల్ని ఆపింది పోలీసు కాదు, జాలి కాదు, నెత్తురు కాదు. పాసింజరు వచ్చింది. అందరం వాళ్ళిద్దర్నీ ఆ బురదలో వదిలేసి, కిందపడ్డ సంచులూ డబ్బాలూ ఏరుకుని ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తాం. తువ్వాళ్ళు విసిరాం. నేను కూడా విసిరాను. నాకు కిటికీ సీటు దొరికింది. రైలు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే, రాడ్డు తెచ్చినవాడు నా పక్కనే నిలబడి తల దువ్వుకుంటున్నాడు. బొబ్బిలి వైపు నుంచి కూర్చుని వస్తున్న ఒకాయన "ఏమైంది మీ ఊళ్ళో?" అంటే, "దొంగోడు దొరికినాడు" అన్నాడు. విజయనగరం దగ్గర ఎవరో టిఫిను విప్పారు. పెట్టెంతా చింతకాయ పచ్చడి వాసన.

వెల్డరుని సాయిబు, మావ కలిసి ఆటోలో వేసి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం బావ ఫోను చేసి, ఆ మనిషి బతికేలా ఉన్నాడుగానీ కాలు సంగతి తెలియదనీ, కేసు రాశారనీ, మావ సాక్ష్యం రేపు తీసుకుంటారనీ చెప్పాడు. చూసినవాళ్ళు యాభైమంది ఉన్నా నోరు విప్పేది ఆయనొక్కడే. మిగతావాళ్ళంతా కొట్టినవాళ్ళు. నేను జైలుకి పోవడం, పోకపోవడం ఆయన నోట్లో ఉంది.

సాయంత్రం దిగగానే బావ నన్ను తిన్నగా స్టాండుకి తీసుకుపోయాడు. మా బావకి మెయిన్ రోడ్డులో ఎరువుల కొట్టు ఉంది, పంచాయతీలో మాట చెల్లుతుంది. మావ చేతికి పట్టీ కట్టుకుని, ఒంటి చేత్తో బండ్లు ఇస్తున్నాడు. జనం తగ్గేదాకా ఆగాం.

"మావా, నువ్వు ఏటీ సూడనేదని సెప్పు సాలు" అన్నాడు బావ. "నీళ్ళ కోసం బోరింగు కాడికి ఎల్లినానని సెప్పు."

"ఎల్లలేదు కదా."

"ఆడు పై రాష్ట్రపోడు. కాలు కట్టించుకుని ఆడి ఊరు ఆడు పోతాడు. మనం ఇక్కడే బతకాల."

"అవును. ఇక్కడే బతకాల. అందుకే సెప్తాను."

"ఈడు మనోడు కాదా? నీ సేతుల్లో పెరగలేదా?"

"పెరిగినాడు. ఆ సేత్తోనే కొట్టినాడు."

"మావా, అందరూ కొట్టారు" అన్నాను.

"అందరి సంగతీ సెప్తాను. నీది ముందు సెప్తాను."

బావ వరసలో మొదటి బండిని కాలితో తన్నాడు. అది పక్కదాని మీద పడింది, అది దాని పక్కదాని మీద. ఆ వరసలో ముప్పై బండ్ల దాకా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పడుతూ చివరిదాకా పోయాయి. అద్దాలు పగిలాయి, పెట్రోలు కారింది. మావ కదలలేదు.

"లేపి ఎల్లు" అన్నాడు.

బావ ఉమ్మేసి వెళ్ళిపోయాడు. నేను వంగి ఒక బండి హ్యాండిలు పట్టుకున్నాను.

"నువ్వు ముట్టుకోకు."

ఆయన నన్ను అంతకుముందు చాలాసార్లు కొట్టాడు. ఆ మాట తగిలినంతగా ఏదీ తగల్లేదు.

మర్నాడు రైలు వేళకే ఎస్సై మావని వెంటబెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. జనమంతా అక్కడే ఉన్నారు. పనికి పోకపోతే అనుమానం వస్తుందని అందరం వచ్చాం. ఎస్సై కాగితం తీశాడు. మావ మా ముందు నిలబడి మొదలుపెట్టాడు.

"ముప్పయ్యారు. గేటు రాడ్డు తెచ్చింది ఈడే. పన్నెండు తన్నినాడు, బూటుకాలితో. నలభయ్యేడు, ఎనభైమూడు, ఈల్లిద్దరూ బండి ఎత్తి కాలు మీద పడేసినారు. అయిదు..."

"ఇదేంటయ్యా, లాటరీ టిక్కెట్లా?" అన్నాడు ఎస్సై. "పేర్లు చెప్పు."

"పేర్లు నాకెరిక నేదు బాబూ. బిళ్ళలు అడగండి. జేబుల్లో ఉంటాయి."

ప్లాట్‌ఫారం మీద చేతులన్నీ జేబుల్లోకి పోయాయి. నలుగురైదుగురు బిళ్ళలు తీసి పట్టాల మీదికి విసిరేశారు. రాళ్ళ మీద రేకు చప్పుడు టింగుమంటూ వినపడింది, ఎవరు విసిరారో అందరికీ తెలిసిపోయింది. కానిస్టేబుళ్ళు దిగి ఏరుకొచ్చారు. బండి హ్యాండిలుకి ఉన్న బిళ్ళతో కలిపి చూస్తే మనిషి దొరికిపోతాడు. బండి పోకుండా ఉండటానికి మేము రోజూ మోసుకు తిరిగే బిళ్ళ అది.

తరువాత మావ నా వైపు తిరిగాడు. నా పేరు చెప్పాడు, మా నాన్న పేరు చెప్పాడు, మా వీధి చెప్పాడు. "మొదటి దెబ్బ ఈడిది. బండి మారిందని నాను ముందునాడే ఈడికి సెప్పినాను. ఆ వెల్డరు బుల్ హెలా అని సేతులెత్తినాడు. ఈడికి ఆ మాట తెలుసు బాబూ, ఈడి తల్లి అటుపక్కది." గొంతు పెంచలేదు. నా మొహం చూస్తూనే చెప్పాడు.

ఏడుగుర్ని పట్టుకున్నారు. ఎవరో వెనకనుంచి రాయి విసిరితే ఆయన నుదురు చీలింది. తుడుచుకుని వేలిముద్ర వేశాడు. కాగితం మీద కొంచెం నెత్తురు అంటింది, ఎస్సై విసుక్కున్నాడు.

సబ్‌జైలుకి మూడో రోజు వచ్చాడు. నన్ను చూడడానికి వచ్చినవాళ్ళలో మా ఇంటివాడు కానివాడు ఆయనొక్కడే. కటకటాల అవతల నిలబడి, "తింటన్నావా?" అన్నాడు. తింటున్నానన్నాను. "కాలు తియ్యక్కర్లేదన్నారు. వంగదట గానీ ఉంటాదట. నీకు సెప్పాలని వచ్చినాను." అంతే, వెళ్ళిపోయాడు. నేను అడగకుండానే, అది నాకు తెలియవలసిన సంగతి అని ఆయనకి తోచింది. అప్పటిదాకా నాకు అలా తోచలేదు.

ఊరు ఆయన్ని వదల్లేదు. సగంమంది బండ్లు తీసేశారు. రోడ్డుకి అటువైపు మా బావ స్నేహితుడొకడు కొత్త స్టాండు పెట్టాడు. మావ దగ్గర మిగిలిన బండ్ల సీట్లు బ్లేడుతో కోశారు. రేకుల కప్పు మీద రాళ్ళు పడేవి. ఒక పొద్దున్న గేటుకి చచ్చిన కుక్కని వేలాడదీశారు. సొంత ఊరివాణ్ణి పట్టించిన కుక్క అని దాని మెడలో అట్టముక్క. ఆయన కుక్కని దించి, పట్టాల అవతల గొయ్యి తీసి పాతిపెట్టి, చేతులు కడుక్కుని వచ్చి బండ్లు తీసుకోవడం మొదలుపెట్టాడని సాయిబు చెప్పాడు. అట్టముక్క వెనకవైపు తెల్లగా ఉందని దాని మీద "స్టాండు ఉన్నది" అని రాయించి గేటుకి కట్టాడు.

జనం తరువాత తిరిగి వచ్చింది సిగ్గుపడి కాదు. అటువైపు స్టాండుకి నీడ లేదు. ఎండాకాలంలో సీట్ల మీద కూర్చోలేకపోయారు.

నేను బెయిలు మీద వచ్చాక విజయనగరంలో ఒక పెయింట్ల కొట్లో చేరాను. ఏడు నెలలు బండి అటువైపు ఎండలోనే పెట్టాను. ఒకరోజు మావ దగ్గరికి తోలుకుపోయాను. ఆయన కొత్త బిళ్ళ ఒకటి తీసి, ఒంకర మణికట్టుతో తీగ చుట్టి హ్యాండిలుకి కట్టాడు. రెండోది నా చేతిలో పెట్టాడు. నేను అక్కడే నిలబడిపోయాను.

"ఏటి సూస్తావు? రైలు పోతాది" అన్నాడు.

ఆ రోజు గమనించాను. స్టాండు మూలలో రెండు రేకులు దించి, వాటి కింద వెల్డరు కూర్చుని కిటికీ ఊచలు అతుకుతున్నాడు. ఎత్తులెక్కి చేసే పోర్టు పని ఆ కాలుతో ఇక కుదరదు. మావ అక్కడ చోటిచ్చాడు. ఊరు వదిలి పోతాడని మేమనుకున్న మనిషి పోలేదు. అప్పటినుంచీ అయిదేళ్ళకి పైగా పొద్దున్నా సాయంత్రం అతని ముందునుంచే బండి తోసుకుపోయాను. అతను నన్ను చూసేవాడు. చూసి, కళ్ళకి నల్ల అద్దం దించుకునేవాడు.

కేసు రాజీలో ముగిసింది. పెద్దమనుషులు కూర్చుని, ఆస్పత్రి ఖర్చు మా మీద వేసి, కాగితాల మీద సంతకాలు చేయించారు. ఆ సాయంత్రం నేను మావకి చెప్పాను, రాజీ అయిపోయిందని.

"రాజీ అయింది నీకు. ఆడి కాలుకి అవలేదు."

"నేనేం చెయ్యను మావా?"

"నాకేటి తెలుసు? నాను బండ్లు కాసీవోణ్ణి."

ఇంకోసారి, చాలాకాలం తరువాత, నా మీద అంత కోపమా అని అడిగాను. ఆయన చైను బిగిస్తున్నాడు. "కోపం ఉంటే కొడుదును. కొట్టలేదు కదా, సెప్పినాను" అన్నాడు. తల ఎత్తలేదు.

యాభైమంది కొట్టారంటే ఎవరూ కొట్టనట్టే లెక్క. ఆ రోజు రైల్లో మేమంతా అలాగే కూర్చున్నాం. నువ్వు కొట్టావు అని నాకు చెప్పింది ఆయనొక్కడే. చెప్పకపోయి ఉంటే నేను ఎలా తయారయ్యేవాణ్ణో తెలియదు. మా బావని చూస్తే కొంత తెలుస్తుంది. బావ ఇప్పటికీ ఆ సంగతి వస్తే "దొంగోణ్ణి కొట్టినారు" అనే అంటాడు.

మావ పోయిన రోజు సాయంత్రం రైలు దిగేసరికి బండ్లు ఇస్తున్నది సాయిబు, వెల్డరు. ఎవరూ తోసుకోలేదు, అలాగని ఎవరూ ఏడవలేదు. మర్నాడు పొద్దున్న దహనం. కొడుకులు లేరు. అల్లుడు నిప్పుకుండ పట్టుకున్నాడు. పాడె ఎత్తేటప్పుడు నలుగురు కావాలి. సాయిబు, సాయిబు కొడుకు ముందుకి పోయారు. వెనక ఎడమవైపు వెల్డరు పట్టుకున్నాడు. కుడివైపు ఎవరూ రాలేదు. అతని పక్కన మొయ్యడానికి ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను పోయి పట్టుకున్నాను. అతను నా వైపు చూశాడు. వదలమనలేదు.

అతని కాలు వంగదు. అడుగడుగుకీ పాడె అటు ఒరిగి ఇటు లేస్తోంది. "సమంగా నడవండ్రా, పడిపోతాది!" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. నేను అడుగు కలపబోయి తొందరపడ్డాను.

"ధీరే" అన్నాడు అతను. మెల్లగా అని. ముందుకే చూస్తున్నాడు.

నేను అడుగు తగ్గించాను. అతను బిగిసిన కాలు ఈడ్చి పెట్టేదాకా ఆగి, అప్పుడు నాది వెయ్యడం నేర్చుకున్నాను. వీధి దాటేసరికి కొంచెం కుదిరింది.

శ్మశానం పట్టాల అవతల. మేము వెళ్ళేసరికి గేటు పడిపోయి ఉంది. గూడ్సు వస్తోంది. పాడె కింద పెట్టకూడదు, దింపుడు కళ్ళం గేటు దాటాక గానీ రాదు. నడవడంకన్నా నిలబడడం అతనికి కష్టం. ఆ కాలు మీద బరువు ఆగదు. చెమట కారుతోంది, భుజం వణుకుతోంది. వెనకనుంచి ఒకతను వచ్చి "బాబూ, మార్చుకుంటావా?" అన్నాడు. వెల్డరు తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి మెల్లగా నా వైపు ఒరిగాడు. బరువు కర్ర వెంబడి జారి నా భుజం మీదికి వచ్చింది. నేను కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాను. మా ఎదురుగా ఖనిజం నింపిన పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. వాటి గాలికి పాడె మీది గుడ్డ అంచు ఒకసారి అతని మొహానికి, ఒకసారి నా మొహానికి కొట్టుకుంటోంది.